లాకుల వెనుక నీరు: ఎల్టన్ పుస్తకం, ఒక నల్లచారల చిప్ప

సింగపూర్ పడమటి భాగంలోని బుకిట్ బటోక్‌కు మలయ భాషలో 'దగ్గే కొండ' అని అర్థం చెబుతారు. ఆ పేరెలా వచ్చిందన్నదానికి కథలు చాలా ఉన్నాయి. కొండమీద చలిగాలికి జనం దగ్గేవారని కొందరంటారు. 'బటోక్' అంటే జావా భాషలో కొబ్బరిచిప్ప, ఒకప్పుడక్కడ కొబ్బరితోటలుండేవని మరికొందరంటారు. క్వారీల్లో రాళ్ళు పేల్చే చప్పుడు దూరానికి దగ్గులా వినబడేదన్న మూడో కథ నిజమో కాదో గాని, ఆ నేల చరిత్రకు అదే బాగా అతుకుతుంది. ఇళ్ళకూ రోడ్లకూ రేవులకూ కావలసిన కంకర కోసం సింగపూర్ దశాబ్దాల తరబడి ఈ కొండలను తవ్వుకున్నది. తవ్వకం ఆగిన గోతుల్లో వాననీరు నిండింది. 1984 ప్రాంతంలో గృహనిర్మాణ సంస్థ వారు అందులో ఒక గోతిని పూడ్చి రోడ్డు వేయాలనుకున్నారట. నిటారు బండలూ వాటి నడుమ పచ్చని నీరూ చూసి మనసు మార్చుకొని పార్కు కట్టారు. చైనాలోని గుయిలిన్ కొండలను గుర్తుచేస్తుందని దాన్ని 'చిన్న గుయిలిన్' అని పిలుచుకుంటారు.

ఆ మడుగు వయసు మనిషి ఆయుష్షు కంటె తక్కువ. ఏ నదీ దానిలోకి దిగదు. ఇలాంటి నీటిలో బయటి ప్రాణి చేరడానికి దారి లేదనిపిస్తుంది. కాని సింగపూర్‌లో మనిషి చేసిన చెరువులన్నింటి కథా ఒక్కటే. అమెరికా మిసిసిపీ లోయకు చెందిన ఎర్రచెవుల తాబేలు, దక్షిణ అమెరికా నెమలి బాస్ చేప, ఆఫ్రికా తిలాపియా, 1990లలో మలేసియాలో సంకరం చేసి పుట్టించిన 'లూహాన్' అనే బుర్రచేప ఈ ద్వీపపు చెరువులూ జలాశయాలూ అంతటా స్థిరపడ్డాయి. లూహాన్ పిచ్చి 2000 తరువాత ఒకటి రెండేళ్ళు ఊరిని ఊపేసింది. నుదుటి మీది మచ్చల్లో అదృష్ట సంఖ్యలు చదువుకున్న యజమానులు, మోజు తీరాక ఆ చేపలను తెచ్చి చెరువుల్లో వదిలిపెట్టారు. ఇక ఏటా వైశాఖ పౌర్ణమికి ప్రాణులను విడిచి పుణ్యం సంపాదించే బౌద్ధాచారం ఉండనే ఉంది. చైనీయులు దాన్ని 'ఫాంగ్ షెంగ్' అంటారు. దుకాణంలో కొన్న తాబేలును చెరువులో వదిలే చేతిలో కరుణే ఉంటుంది, దురుద్దేశం ఏమీ ఉండదు. అందుకే దాన్ని ఆపడం కష్టం. ఆ పండుగ రోజుల్లో సింగపూర్ ఉద్యానవనాల సంస్థా జలమండలీ స్వచ్ఛంద కార్యకర్తలతో కలిసి 'ఆపరేషన్ నో రిలీజ్' పేరిట చెరువు గట్ల మీద నిలబడి వచ్చినవారికి నచ్చజెబుతాయి. 2020లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి, అనుమతి లేకుండా ప్రాణిని వదలడాన్ని నేరం చేశారు.

ఏ కాలువా కలపని మడుగు పరిస్థితే ఇది. మరి కలిపిన నీళ్ళ సంగతేమిటి? సింగపూర్‌లో జలాశయాలు పదిహేడు. ద్వీపపు నేలలో మూడింట రెండువంతుల మీద కురిసిన వాన వాటికే చేరుతుంది. 1970లలో పాండాన్, క్రాంజి ఉప్పుటేర్ల ముఖాలకు అడ్డకట్టలు వేసి మంచినీటి జలాశయాలు చేశారు. 2008లో మెరీనా బరాజ్‌తో ఊరి నడిబొడ్డున ఉన్న సముద్రపు పాయే మంచినీరైపోయింది. ఒక జలాశయం నిండితే మరొక దానికి పైపుల్లో నీరు తోడుతారు. దాహం తీర్చుకోవడానికి ఒక చిన్న దేశం చేసిన పనుల్లో ఇంతకన్న మెచ్చదగినవి అరుదు. అయితే ఒక సంగతి గమనించాలి. ఇవన్నీ కొత్త నీళ్ళు. ఉప్పునీటి ప్రాణులు చచ్చిపోయాయి, అడవివాగుల్లోని స్వదేశీ చేపలకు లోతైన నిలవనీరు అలవాటు లేదు. ఖాళీ అయిన ఇంట్లోకి ఎవరు ముందు వస్తే వారే యజమానులు.

ఈ ఖాళీ ఇంటి మాటను మొదట శాస్త్రంగా చెప్పినవాడు చార్లెస్ ఎల్టన్. ఆక్స్‌ఫర్డ్‌లో 1932లో జంతుసంఖ్యలను అధ్యయనం చేసే ఒక కేంద్రాన్ని స్థాపించిన ఈ శాస్త్రజ్ఞుడు, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ధాన్యపు గిడ్డంగులను ఎలుకల నుంచి కాపాడే పనిలో మునిగి ఉన్నాడు. 1957లో బి.బి.సి. రేడియోలో మూడు ప్రసంగాలు చేసి, మరుసటి ఏడు వాటిని పెంచి 'ది ఎకాలజీ ఆఫ్ ఇన్వేషన్స్ బై యానిమల్స్ అండ్ ప్లాంట్స్' అన్న పుస్తకం వెలువరించాడు. అణుబాంబుల భయం కమ్ముకున్న ఆ రోజుల్లో, ప్రపంచాన్ని బెదిరించే విస్ఫోటాలు బాంబులవి మాత్రమే కావన్న పోలికతో పుస్తకం మొదలవుతుంది. మామూలు పాఠకుడికోసం రాసిన పుస్తకం, రెండు వందల పుటలకు మించదు. బొమ్మలూ పటాలూ విరివిగా ఉంటాయి. వాక్యం ఎక్కడా బిగుసుకోదు. వైజ్ఞానిక గ్రంథాల్లో ఇంత హాయిగా చదివించేవి కొన్నే.

ఎల్టన్ చెప్పిన విషయాల్లో రెండు ఇక్కడ పనికివస్తాయి. మొదటిది: లక్షల ఏళ్ళుగా విడివిడిగా పెరిగిన జీవలోకాలను మనిషి కాలువలతో, ఓడలతో, నర్సరీలతో ఒకే పాత్రలో పోసి కలుపుతున్నాడు, ఆ కలయికలో మనిషి చెడగొట్టి పలుచన చేసిన చోట్లే కొత్త జీవికి ముందుగా లొంగుతాయి. రెండవది: దీనికి చికిత్స మూడు మెట్లలో ఉన్నది. రానీయకుండా ఆపడం, వచ్చిన కొత్తలోనే నిర్మూలించడం, ఆ రెండూ తప్పితే జీవితాంతం అదుపులో పెట్టుకుంటూ బతకడం. మెట్టు దిగుతున్నకొద్దీ ఖర్చు పెరుగుతుంది, ఫలితం తగ్గుతుంది. వైద్యవృత్తిలో ఉన్న ఎవరికైనా ఈ వరస కొత్తది కాదు. టీకా, తొలిదశ శస్త్రచికిత్స, దీర్ఘవ్యాధికి రోజూ వేసుకునే మాత్ర.

ఎల్టన్ భాష మీద ఆక్షేపణలూ ఉన్నాయి. దండయాత్ర, విస్ఫోటం అంటూ యుద్ధపు మాటలు వాడి, తరువాతి తరాల శాస్త్రజ్ఞులకు పరాయి ప్రాణి అంటేనే శత్రువన్న అలవాటు చేశాడని విమర్శ. 2011లో మార్క్ డేవిస్ తదితరులు పంధొమ్మిది మంది 'నేచర్' పత్రికలో, ప్రాణిని పుట్టినచోటు చూసి కాక అది చేసే పనిని చూసి తూచమని రాశారు. మిరపకాయ లేకుండా, టొమాటో లేకుండా వంట ఊహించలేని తెలుగువారు ఈ మాటను కాదనలేరు. రెండూ అమెరికా నుంచి వచ్చినవే. సొంతనేల విడిచి బతుకుతున్న పాఠకుడికి 'పరాయి' అన్న మాటే కాస్త గుచ్చుకుంటుంది. కాని మిరపకాయ వల్ల ఏ వల చిరగలేదు, ఏ కాలువ మూసుకుపోలేదు. డేవిస్ అడిగిన ప్రకారమే పనిని చూసి తూచవలసిన ఒక ప్రాణి ఉన్నది. దాని కథ తెలుగు తీరంలో మొదలవుతుంది.

విశాఖపట్నం రేవు మనిషి తవ్విన నీరు. డాల్ఫిన్ నోస్ కొండ చాటున, మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసే చిత్తడినేలను తోడి, రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుకట్టగా పెట్టి, లోపలి రేవును తయారుచేశారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి 'జలదుర్గ' ఓడ అందులోకి వచ్చింది. సన్నని ముఖద్వారం తప్ప లోపలి రేవుకు సముద్రంతో సంబంధం తక్కువ. వానాకాలంలో గెడ్డ నీరు దిగి ఉప్పు బాగా పలచబడుతుంది, ఎండాకాలంలో మళ్ళీ చిక్కబడుతుంది. 1957లో కాల్టెక్స్ నూనెశుద్ధి కర్మాగారం, 1967లో కోరమండల్ ఎరువుల కర్మాగారం దాని ఒడ్డునే వెలిశాయి. ఇంతకన్న పలుచనైన జీవలోకాన్ని ఎల్టన్ కోరుకున్నా దొరకదు.

ఇక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర శాఖ చేసిన పని ఒకటి ఎవరూ అంతగా చెప్పుకోరు. ప్రొఫెసర్ పి. ఎన్. గణపతి, ఎం. వి. లక్ష్మణరావు, ఆర్. నాగభూషణం 1950లలో రేవులో చెక్కపలకలు వేలాడగట్టి, వాటి మీద ఏయే ప్రాణులు ఎప్పుడు పట్టుకుంటున్నాయో లెక్కించారు. ఓడ అడుగుకు నాచూ చిప్పలూ పట్టడం వల్ల వేగం తగ్గి బొగ్గూ నూనే వృథా అవుతాయి కాబట్టి అది రేవుకు పనికివచ్చే పరిశోధనే. 1958లో విశ్వవిద్యాలయమే దాన్ని గ్రంథంగా అచ్చువేసింది. ఆ జాబితా విలువ పదేళ్ళ తరువాత తెలిసింది. 1967లో రేవులో గోరంత పొడవున్న ఒక ఆల్చిప్ప గుత్తులు గుత్తులుగా కనిపించింది. అది పాతకాపో కొత్తదో తేల్చవలసి వచ్చినప్పుడు, పాత జాబితాలో లేదు గనుక కొత్తదేనని నిస్సందేహంగా చెప్పగలిగారు. గణపతి, లక్ష్మణరావు, వర్గీస్ 1971లో 'కరెంట్ సైన్స్'లో దాన్ని నమోదు చేశారు. అప్పటి పేరు కంజీరియా సాలీ, ఇప్పటి పేరు మైటిలోప్సిస్ సాలీ. నల్లచారల ఆల్చిప్ప అనవచ్చు.

దీని పుట్టిల్లు కరిబియన్ సముద్రమూ మెక్సికో సింధుశాఖా. మంచినీటికీ సముద్రపు నీటికీ మధ్య ఉన్న ప్రతి ఉప్పదనంలోనూ బతకగలదు. సన్నని పీచుదారాలతో దేన్నైనా పట్టుకుంటుంది. రాయి, ఇనుము, తాడు, సాటి చిప్ప, ఏదైనా సరే. పుట్టిన కొద్ది వారాలకే సంతానం కంటుంది. బతుకు రెండేళ్ళకు మించదు, కాని ఆలోగా చదరపు మీటరు మీద పదివేలకు పైగా కిక్కిరిసిపోగలదు. అమెరికా మహాసరస్సుల్లో 1988లో బయటపడి మంచినీటి పైపులను పూడ్చివేసిన జీబ్రా చిప్పకు ఇది దాయాది. పనామా కాలువ తెరిచిన తరువాతే ఇలాంటివి పసిఫిక్‌కు దాటాయని అనుకోవడం పరిపాటి. అయితే కాలువ తెరిచింది 1914లో, ఈ చిప్ప ఫిజీ దీవుల్లో 1900కు ముందే ఉన్నది. కాలువలు లేకున్నా ఓడ అడుగు చాలు.

ఫిజీ తరువాత దొరికిన చోటు విశాఖపట్నం. తూర్పు నౌకాదళ కమాండ్ 1968లో అక్కడ ఏర్పడింది. రేవులో నెలల తరబడి కదలకుండా నిలిచే ఓడ అడుగు ఈ చిప్పకు తీరిక దొరికిన చేను. 1970లు గడిచేసరికి అది బొంబాయి రేవుకు చేరింది. 1977లో తైవాన్, 1980లో హాంకాంగ్. సింగపూర్‌లోనూ, జలసంధికి ఆవల జొహోర్ బహ్రూలోనూ అది స్థిరపడిందని 2006లో సింగపూర్ నుంచి వెలువడే 'రాఫుల్స్ బులెటిన్ ఆఫ్ జువాలజీ' ప్రకటించింది. విశాఖలో శాస్త్రజ్ఞులు దాని పెరుగుదలనూ సంతానోత్పత్తినీ ఉప్పదనపు హద్దులనూ ఓపికగా కొలిచి పత్రాలు రాశారు. రేవును మూసి దాన్ని తుడిచిపెట్టాలన్న ఆలోచన మాత్రం ఎవరి బల్లమీదికీ వచ్చినట్లు కనిపించదు. ఆ కాలంలో ప్రపంచంలో మరెక్కడా వచ్చేది కాదు. ఎల్టన్ రెండో మెట్టు అప్పటికి పుస్తకంలోని మాటే.

ఆ మెట్టు మీద నిజంగా కాలుపెట్టింది ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న డార్విన్ పట్టణం. డార్విన్‌లో ఆటుపోట్ల తేడా ఎనిమిది మీటర్ల దాకా ఉంటుంది. పోటు తీసినప్పుడు పడవలు బురదలో కూలబడకుండా విహారనౌకల రేవులకు తలుపులు పెట్టి నీటిని లోపల పట్టి ఉంచుతారు. గోదావరి డెల్టావారికి వీటిని వర్ణించి చెప్పనక్కరలేదు, అవి లాకులే. 1998 సెప్టెంబరులో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఈ రేవుల్లో ఏయే ప్రాణులున్నాయో సర్వే చేశారు. 1999 మార్చి చివరలో మళ్ళీ దిగి చూస్తే కల్లెన్ బే రేవులో గోడలూ తాళ్ళూ పడవల అడుగులూ నల్లచారల చిప్పలతో కప్పుకుపోయి ఉన్నాయి. ఆరు నెలలకు ముందు అక్కడ ఒక్కటీ లేదు. ఇక్కడా పాత జాబితాయే సాక్షి.

తరువాతి నాలుగు వారాలు ఎల్టన్ పుస్తకానికి అనుబంధంగా అచ్చువేయదగినవి. ఉత్తర ప్రాంత ప్రభుత్వం కొద్ది రోజుల్లోనే లాకు తలుపులు మూయించి మూడు రేవులను దిగ్బంధం చేసింది. విశాఖపట్నం, హాంకాంగ్ అనుభవాలు అచ్చులో ఉన్నాయి కాబట్టి ఊరుకుంటే ఏమవుతుందో వారికి ఊహించుకోవలసిన పని లేదు. ముత్యాల పెంపకం ఆ తీరానికి పెద్ద పరిశ్రమ, చిప్ప బయటి సముద్రంలోకి వెళితే ముత్యపు చిప్పల మీదే పడుతుంది. అయినా ప్రశ్న చిన్నది కాదు. పన్నెండు హెక్టార్ల రేవును, అందులోని పడవలతో సహా, పూర్తిగా విషంతో నింపాలా? నింపారు. క్లోరిన్ ద్రావణం వంద టన్నులకు పైగా, దానికి తోడు మైలుతుత్తం. ఆ రేవుల్లో చిప్పతోపాటు ఊపిరున్నది ఏదీ మిగలలేదు. చేపలు తేలాయి. ఆ మధ్యకాలంలో ఆ రేవులనుంచి వెళ్ళిపోయిన నావలు నాలుగు వందలకు పైగా, వాటిని ఒక్కొక్కదాన్నే వెతికి పట్టుకొని అడుగులు పరీక్షించారు. ఖర్చు ఇరవై లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. ఏప్రిల్ నెలాఖరుకు నల్లచారల చిప్ప డార్విన్‌లో లేదు. ఇప్పటికీ లేదు. లాకులు తెరిచాక పోటునీటితో స్వదేశీ ప్రాణులు తిరిగి వచ్చాయి.

ఈ కథలో ధైర్యంతోపాటు అదృష్టమూ ఉన్నదని చెప్పాలి. రేవులకు తలుపులు లేకపోతే ఆ విషమంతా సముద్రంలో కలిసి చిప్పకు ఏమీ అయ్యేది కాదు. సముద్రంలో స్థిరపడిన ఒక ప్రాణిని మనిషి పూర్తిగా తొలగించగలిగిన సందర్భాలు ప్రపంచంలో వేళ్ళమీద లెక్కించవచ్చు. వాటిలో ఇది ఒకటి. పాఠం నేర్చిన డార్విన్, విదేశాలనుంచి వచ్చే విహారనౌకల అడుగులను పరీక్షించిన తరువాతే రేవుల్లోకి రానిచ్చే పద్ధతి పెట్టింది. అది మొదటి మెట్టు.

తలుపు లేని చోట తలుపు తయారుచేయాలని చూసిన ఊరు చికాగో. 1900లో ఆ ఊరివారు మురుగునీరు తమ తాగునీటి సరస్సులో కలవకుండా కాలువ తవ్వి నది నడకనే తిప్పేశారు. దానితో మహాసరస్సులూ మిసిసిపీ నదీ కలిసిపోయాయి. శతాబ్దం గడిచాక, చేపల చెరువులను శుభ్రం చేయడానికి తెచ్చి తప్పించుకుపోయిన చైనా గండుచేపలు మిసిసిపీ వెంట ఎగబాకి రావడం మొదలుపెట్టాయి. కాలువ మూస్తే సరుకుల బోట్లు ఆగుతాయి. అందుకని 2002 నుంచి ఆ కాలువ నీటిలో విద్యుత్తు ప్రవహింపజేసి చేపలను వెనక్కి తిప్పుతున్నారు. ఒక ఊరి మురుగు కోసం తవ్విన కాలువకు నూరేళ్ళ తరువాత రోజూ కరెంటు బిల్లు కట్టడం ఎల్టన్ మూడో మెట్టుకు చక్కని ఉదాహరణ. ఆ చేపల్లో ఒకటైన వెండిగండును తెలుగునాట చేపల చెరువుల్లో పెంచుతారు, అది వేరే సంగతి.

ఓడల కడుపులో నింపుకొనే బ్యాలస్ట్ నీటి విషయంలో ప్రపంచం కొంత మేలుకున్నది. సరుకు లేని ఓడ నిలకడ కోసం ఒక రేవులో నీరు తోడుకొని మరొక రేవులో పారబోస్తుంది. ఆ నీటిలో గుడ్లూ పిల్లలూ ప్రయాణం చేస్తాయి. దాన్ని శుద్ధి చేయాలన్న అంతర్జాతీయ ఒప్పందం 2004లో కుదిరింది, అమలులోకి రావడానికి 2017 సెప్టెంబరు దాకా పట్టింది. ప్రపంచంలోని అతిపెద్ద రేవుల్లో ఒకటైన సింగపూర్ ఆ ఏడే అందులో చేరింది. పదమూడేళ్ళ ఆలస్యం రాజకీయాలకు చిన్నదే కావచ్చు, చిప్పకు అది ఎన్నో తరాలు.

ఆ ఆలస్యంలోనే మరొక చిప్ప బయలుదేరింది. మైటెల్లా స్ట్రిగాటా. దీని పుట్టిల్లు కూడా అమెరికా ఉష్ణతీరమే. 2016 ప్రాంతంలో జొహోర్ జలసంధిలో కనబడింది. ఆ జలసంధి మధ్య 1924లో ప్రారంభమైన రాతికట్ట రోడ్డు ఉన్నది, దానికి పడమట క్రాంజి బురదమేటలు. బుకిట్ బటోక్ నుంచి ఉత్తరంగా పోతే ఎంతో దూరం కాదు. గుర్రపునాడా పీత అనే అతి ప్రాచీన జీవి ఆ మేటల్లో మేస్తుంది, అక్కడే గుడ్లు పెట్టుకుంటుంది. ఒకటి రెండేళ్ళలో చిప్పలు ఆ బురదమీద చాపలు పరిచినట్లు అల్లుకుపోయాయి. 2018లో శాస్త్రజ్ఞులు వాటి గుర్తింపు ప్రకటించేనాటికి, తలుపు మూసే కాలం దాటిపోయింది. జలసంధికి లాకులు లేవు.

2019లో అదే చిప్ప కేరళ కాయళ్ళలో ఉన్నట్లు పత్రాలు వెలువడ్డాయి. తరువాత కొద్ది కాలానికే చెన్నై ఉత్తరాన ఎన్నూరు ఉప్పుటేరులోనూ పులికాట్ వైపునా. తమిళ జాలరులు దాన్ని 'కాక్కా ఆళి' అంటున్నారు. బురదలో రొయ్య దాక్కునే చోటును అది కప్పివేస్తుంది. చేతులతో బురద తడిమి రొయ్యలు పట్టి బతికే కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. ఇప్పుడు బురదలో చేయి పెడితే చిప్ప అంచులు తగులుతాయి. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. తమిళనాడు ప్రభుత్వం వాటిని తవ్వి ఎత్తివేయడానికి పూనుకున్నది.

పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. సూళ్ళూరుపేట, తడ ప్రాంతపు జాలరిపల్లెలు ఆ నీటిమీదే బతుకుతాయి. ఆ సరస్సునూ ఎన్నూరునూ కలిపేది బకింగ్‌హామ్ కాలువ. 1806లో బాసిల్ కాక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరుకు తవ్వించిన చిన్న కాలువ, ముక్కలు ముక్కలుగా ఉత్తరానికీ దక్షిణానికీ పెరిగింది. 1876-78 ధాతుకరువులో పనికి ఆహారమిచ్చి తవ్వించిన భాగంతో మద్రాసు నగరంలో రెండు చివరలూ కలిశాయి. ఆనాటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరు పెట్టారు. చీరాల దగ్గరి పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు, అందులో 257 కిలోమీటర్లు ఆంధ్రదేశంలోనే. పెదగంజాం దగ్గర అది కృష్ణా డెల్టా కొమ్మమూరు కాలువను అందుకుంటుంది. అక్కడినుంచి బెజవాడ, బెజవాడ నుంచి ఏలూరు కాలువ మీదుగా ధవళేశ్వరం, కాకినాడ. ఆర్థర్ కాటన్ 1852లో గోదావరి ఆనకట్ట ముగించిన తరువాతి మూడు దశాబ్దాల్లో, కాకినాడలో ఎక్కిన బియ్యపు బస్తా పడవ దిగకుండా మద్రాసు చేరగలిగింది. కరువు పీడించిన దేశానికి అది మాటలతో తీర్చలేని మేలు. పడవలు ఇప్పుడు లేవు. పూడిక పడి, గుర్రపుడెక్క నిండి, చాలాచోట్ల కాలువ పేరుకే కాలువ. ఈ జలమార్గాన్నే 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పూడిక తీసి పడవలు నడపాలని ప్రణాళికలు ఉన్నాయి. పూడికే ఇన్నాళ్ళూ ఆ కాలువకు తలుపుగా పనిచేస్తున్నదన్న మాట ఆ ప్రణాళికల గురించిన చర్చల్లో వినబడదు. ఉప్పునీటి చిప్ప మంచినీటి కాలువలోకి రాదని కొందరు ధైర్యం చెప్పవచ్చు. ఆ కాలువలో సగానికి సగం ఉప్పుటేరే.

మంచినీటిలోనైతే వచ్చినవి వచ్చేశాయి. అక్వేరియం గాజుకు పట్టిన పాచి నాకడానికి అమ్మే దక్షిణ అమెరికా సక్కర్ చేప, పెరిగి మూరెడైతే యజమాని దాన్ని చెరువులో వదులుతాడు. బుకిట్ బటోక్‌లో తాబేలును వదిలిన చేయి లాంటిదే ఆ చేయి కూడా. జాలరులు దాన్ని దెయ్యపు చేప అంటారు. ఒళ్ళంతా పెంకు, రెక్కలకు గట్టి ముళ్ళు. వలలో పడితే వల చిరుగుతుంది. గట్లకు బొరియలు చేస్తుంది, తినేవాడు లేడు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, చేపను పట్టకుండానే నీటిలో కలిసిన డి.ఎన్.ఎ. ఆనవాళ్ళతో దాన్ని గుర్తించే పద్ధతి తయారుచేసి తూర్పు కనుమల జలాశయాల్లో ఎంతమేర పరుచుకున్నదో చూపారు. గణపతి బృందం చెక్కపలకలు వేలాడదీసి చేసిన పనికి ఇది ఈనాటి రూపం. కొత్తది వచ్చిందని తెలియాలంటే ముందు ఏముందో తెలియాలి.

1996లో తెలుగుగంగ ద్వారా కృష్ణ నీరు చెన్నైకి చేరింది. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీరు కృష్ణలో పడింది. ఈ రెండింటి మీదా రాష్ట్రాల మధ్య జరిగిన వాదోపవాదాలు గ్రంథాలవుతాయి. ఎన్ని టి.ఎం.సి.లు, ఏ జిల్లాకు ఎంత, ఎవరి వాటా ఎవరు తీసుకున్నారు అన్నవే అన్నీ. నీటితో పాటు ఏం వస్తుందన్న ప్రశ్న ఎక్కడో కొన్ని శాస్త్రజ్ఞుల పత్రాల్లో తప్ప అడిగినవారు అరుదు. అడిగి ఉంటే చేయగలిగింది లేకపోలేదు. ఎత్తిపోతల పంపుల ముందు జల్లెడలుంటాయి, వాటి కంత ఎంత ఉండాలో చూడవచ్చు. కలిసే నదుల్లో కలపడానికి ముందూ తరువాతా డి.ఎన్.ఎ. పరీక్షలు చేసి జాబితా రాసి పెట్టవచ్చు. ఒకచోట తీసిన వలలూ పడవలూ మరొకచోట దింపేముందు ఎండబెట్టవచ్చు. ఇందులో ఏదీ ఆనకట్ట కట్టినంత ఖర్చు కాదు.

పులికాట్‌లో తమిళనాడు వైపు తవ్వి తీసిన చిప్పలను ఎక్కడ పోయాలన్నది ఇప్పుడు అక్కడి జాలరుల ప్రశ్న. బతికున్న చిప్పలను పడవమీద తరలిస్తే దారిలో జారిపడినవి మళ్ళీ పట్టుకుంటాయి. ఎండలో ఆరబెట్టడానికి గట్టున చోటు కావాలి. సరస్సు ఒక్కటే, రాష్ట్రాలు రెండు.